గంగాళంలో పడవ మోటారు

మా ఇంట్లో ఒక పెద్ద రాగి గంగాళం ఉంది. దాని లోపల కళాయి పూత లేచిపోయి నాలుగైదు చోట్ల ఎర్రటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతలకు పైన, లోపలి అంచు చుట్టూతా, రెండు నల్లటి వలయాలు ఉంటాయి. చింతపండు పెట్టి రుద్దింది మా అమ్మ, ఇటుకపొడి పెట్టి రుద్దాను నేను, పోలేదు. ఇప్పుడు ఎవరూ రుద్దకూడదని ఇంట్లో చెప్పేశాను. "ఇంత మంచి పాత్రను ఇట్ల పాడు చేసుకుంటిరే" అని చుట్టాలెవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మరకలు లేకపోతే కోలారులో నా మాట నమ్మేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కారు.

మా ఆయన బంగారు గనిలో పంపుల సెక్షన్‌లో పనిచేసేవాడు. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడి పోసే పంపులవి. వాళ్ల నాయన కాలంలో గని తెల్లవాళ్ల కంపెనీది. తర్వాత జాతీయం చేశారు, ఇక గని మనదే అని అందరికీ మిఠాయిలు పంచారట. ఆ సంగతి మా మామ చెప్పి చెప్పి పోయాడు. మనది అన్నారు గానీ, ఇన్నేళ్లూ తుడిచి, నూనె పోసి, చెవి ఆనించి విన్న పంపును వదిలిపెట్టి ఇంటికి పొమ్మన్న రోజున దాని బోల్టు ఒక్కటి కూడా మా ఆయనది కాలేదు. గనిలో పని తగ్గిపోతూ ఉంది, ముందుగానే రాజీనామా ఇస్తే ఇంత ఇస్తామన్నారు, ఇచ్చేశాడు. గని క్వార్టర్స్ ఖాళీ చేసి ములబాగల దారిలో ఉన్న మా పుట్టింటి ఊరికి వచ్చాం.

అక్కడ మా నాయనకు బజారులో అంగడి ఉండేది. విత్తనాలు, ధాన్యం, చిల్లర సరుకులు అమ్మేవాడు, పెళ్లిళ్లకు వంటపాత్రలు బాడుగకు ఇచ్చేవాడు. అల్లుణ్ణి అంగట్లో కూర్చోమన్నాడు. మా ఆయన నాలుగు రోజులు కూర్చున్నాడు. పప్పు కొలవమంటే తక్కెడను చూస్తూ, ఈ ముల్లు సరిగా ఆడడం లేదని దాన్ని విప్పి పెట్టాడు. మా నాయనే దండం పెట్టి పంపేశాడు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. మా ఊరి పెద్ద చెరువు నిండి మరవ పారింది, అలుగు మీదనుంచి నీళ్లు పొర్లిపోయాయి. అట్లా మరవ పారడం నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను, మళ్లీ అప్పుడే. అవతలి గట్టు పల్లెలకు పోయే దారి నీళ్లలో మునిగింది. అక్కడివాళ్లంతా టమాటా వేసినవాళ్లు. కోసిన కాయను మండీకి చేర్చే దారి లేక తలలు పట్టుకున్నారు. మా ఆయన ఎవరికీ చెప్పకుండా పులికాట్ వైపు పోయి, ఒక పాత పడవనూ, దాని వెనక తగిలించే పాత మోటారునూ లారీలో వేసుకుని వచ్చాడు. బజారంతా నవ్వింది. నేనూ మొదట నవ్వాను. కానీ మోటారు మీద చెయ్యి పెట్టి "ఇది నాదే, సర్కారుది కాదు" అని ఆయన అన్నప్పుడు నవ్వు ఆపేశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన దేన్నీ నాది అనడం నేను వినలేదు.

ఆ మోటారు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. దాని కాలు నీళ్లలో మునిగి ఉంటుంది. ఆ కాలిలో అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం ఒకటి తిరుగుతూ చెరువు నీళ్లను పైకి తోడి ఇంజనును చల్లబరుస్తుంది. తోడిన నీళ్లలో కొంచెం వెనక చిన్న రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటికి వస్తూ ఉంటుంది. ధార వస్తున్నంతసేపూ ఇంజను క్షేమం. ధార ఆగిందంటే లోపల కాలిపోతున్నట్టు లెక్క. ఆ రబ్బరు చక్రం పాతబడిందని, ఆయుధపూజకు ముందు, కోలారులో ఇంజన్ల సామాను అమ్మే ఒక పెద్ద అంగట్లో కొత్తది కొన్నాడు మా ఆయన. ఏడాది గ్యారంటీ అని ఒక కార్డు కూడా ఇచ్చారు.

గనిలో ఆయుధపూజ అంటే పెద్ద పండగ. యంత్రాలన్నిటికీ విభూది, కుంకుమ పెట్టి, పూలదండలు వేసి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, చివరికి యంత్రాన్ని ఒక్కసారి ఆడిస్తారు. ఆడించకపోతే పూజ చేసినట్టే కాదు. మా ఆయన గని వదిలినా ఈ పట్టింపు వదల్లేదు. మోటారును పడవ మీదనుంచి విప్పి మా నాయన ఇంటి ముందుకు తెచ్చాడు. నీళ్లు లేకుండా దాన్ని ఒక్క నిమిషం కూడా ఆడించకూడదని ఆయనకు తెలుసు. అందుకని బాడుగ పాత్రల్లోంచి అన్నిటికంటే పెద్ద గంగాళం తీసి, అంచుదాకా నీళ్లు పోయించి, బల్లకు బిగించిన మోటారు కాలును అందులోకి దించాడు.

గని నుంచి ఆయన స్నేహితులు వచ్చారు. హారతి అయింది, నిమ్మకాయలు కోశారు, తాడు లాగాడు, మోటారు ఆడింది, ధార వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. అంతటితో ఆపి ఉంటే అయిపోయేది. ఆయనకు సంబరం ఎక్కువై గేరు కూడా వేశాడు. కింద రెక్కలు గిర్రున తిరిగి గంగాళాన్ని గీరాయి, గంగాళం బల్లకు అటూ ఇటూ గంతులు వేసింది, పసుపు కుంకుమ కలిసిన నీళ్లు మా నాయన పంచె మీదా, నా పట్టుచీర మీదా చిమ్మాయి. మోటారు ఆపి చూస్తే లోపల కళాయి చీరుకుపోయి ఉంది. నీళ్ల మీద తేలిన నూనె మసి, నీళ్లు ఉన్నంత మట్టానికి గుండ్రంగా అంటుకుని ఉంది. అంతమంది ముందూ ఆయన్ను నేను కడిగేశాను. మా అమ్మ అయితే రెండు రోజులు అల్లుడితో మాట్లాడలేదు. ఆ గంగాళం ఇక ఏ పెళ్లికీ పనికిరాలేదు.

దీపావళి ఇంకా రాలేదు. వేరుశనగ బేరానికని నేను అవతలి గట్టుకు పోయి, మా ఆయన నడిపే పడవలో తిరిగి వస్తున్నాను. పడవ నిండా టమాటా గంపలు, నలుగురు ఆడవాళ్లు. నడి చెరువులో కమురు వాసన వచ్చింది. మా ఆయన వెనక్కి తిరిగి ధార చూసేసరికి అది లేదు. చెయ్యి ఆపే మీటదాకా పోయింది, ఈలోగానే లోపల పెద్ద చప్పుడై మోటారు బిగుసుకుపోయింది. తెడ్లతోనూ గంప మూతలతోనూ నీళ్లు నెట్టుకుంటూ గట్టుకు చేరేసరికి మండీకి పోయే లారీలు వెళ్లిపోయాయి. ఆ టమాటా ఎవరికీ కాకుండా పోయింది.

విప్పి చూశాడు. రబ్బరు చక్రం రెక్కలు కొత్తగానే ఉన్నాయి. కానీ చక్రం మధ్యలో ఉండే ఇత్తడి బొడ్డుకూ రబ్బరుకూ అతుకు ఊడిపోయింది. ఇత్తడి తిరుగుతోంది, రబ్బరు కదలడం లేదు. పైన ఇంజను లోపలంతా గీరుకుపోయి, పిస్టను అంటుకుపోయింది. ఆయన దాని పక్కనే కింద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

మర్నాడు ఇద్దరం కోలారు పోయాం. అంగడి యజమాని మంచి మాటకారి. చక్రాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, అలమారలోంచి కొత్తది తీసి మా ముందు పెట్టాడు.

"గ్యారంటీ ఉండాది కదమ్మా, మీరు అడగనే పని లేదు. ఇదో, కొత్తది తీసుకోండి. ఈ కాగితం మీద తృప్తిగా పుచ్చుకున్నామని ఒక సంతకం పెట్టండి."

"ఇంజనో?" అన్నాను.

"ఇంజను నేను అమ్మలేదు కదమ్మా. నేను అమ్మింది చక్రం. చక్రానికి చక్రం ఇస్తా ఉండాను. కార్డులో అంతే ఉండాది."

"మీ చక్రం తిరగలేదు, అందుకే ఇంజను కాలిపోయింది. ఇంగ ఈ కొత్త చక్రాన్ని యాడ పెట్టుకొనేదప్పా? దండలో కుచ్చుకొని మెడలో ఏసుకొనేదా?"

ఆయన నవ్వి, నాతో కాదని మా ఆయన వైపు తిరిగాడు. ఎప్పుడు వేసినారు, ఎట్ల వేసినారు అని ప్రేమగా అడిగాడు. మా ఆయన అమాయకంగా, "ఆయుధపూజకు ముందు ఏసినా సార్. పూజ చేసి ఇంటికాడనే స్టార్టు చేసినా" అన్నాడు. యజమాని కళ్లలో వెలుగు నేను చూశాను.

"అట్ల చెప్పండి! ఇంటికాడ నీళ్లు లేకుండా ఎండులో ఆడిస్తే రబ్బరు వేడెక్కి అతుకు ఊడిపోతాది. తప్పు మీదే. అయినా నేను కొత్తది ఇస్తా ఉండాను చూడండి."

మా ఆయన గొడవలంటే భయపడే మనిషి. పెన్ను అందుకున్నాడు. నేను ఆ పెన్ను లాక్కుని బల్ల మీద పెట్టాను. కొత్త చక్రాన్ని తోసేసి, మా పాత చక్రాన్ని కొంగున ముడి వేసుకుని మెట్లు దిగాను. బస్సులో ఆయన అన్నాడు, "ఊరికే ఉండమే, పెద్దోళ్లతో మనకేల?" అప్పుడు చెప్పాను ఆయనతో, నువ్వు కావాలంటే ఊరికే ఉండు, నేను ఉండను అని.

యజమాని తెలివైనవాడు. వారం తిరక్కుండా మా నాయన అంగడికి వచ్చాడు. ఇద్దరూ వ్యాపారస్థులే, తెలిసినవాళ్లే. తమలపాకులు వేసుకున్నారు, ధరల గురించి మాట్లాడుకున్నారు. ఆయన వెళ్లాక మా నాయన నన్ను పిలిచాడు.

"పాపా, అంగడోడు అంగడోడి మీద కేసు పెడితే బజారులో తల ఎత్తుకొనేది ఎట్లమ్మా? పెద్దమనిషి, ఇంటిదాకా వచ్చినాడు. ఇంగ ఒదిలేయ్."

నాకు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. ఆ మనిషి నా తండ్రిని నా మీదికి పంపాడు. అయినా అడిగాను.

"నాయనా, రాయల్పాడు రైతుకు నువ్వు ఇచ్చిన శనక్కాయ ఇత్తనం మొలకెత్తలేదే, జ్ఞాపకం ఉండాదా? ఆయప్పకు ఏమిచ్చినావు?"

నాకు బాగా జ్ఞాపకం ఉంది. ఆ రైతు విత్తనం మాత్రమే అడిగాడు. మా నాయన విత్తనంతోపాటు, ఆ ఏడు వాళ్ల ఇంటికి పంట వచ్చేదాకా తిండిగింజలన్నీ పంపాడు. "ఇత్తనం నాది, కాబట్టి పోయిన కారు పంట కూడా నాదే" అన్నాడు అప్పుడు. మా బజారులో విత్తనాల అంగళ్లవాళ్లంతా అట్లాగే చేసేవాళ్లు. ఎక్కడా రాసి పెట్టుకున్నది కాదు. అట్లా చేయనివాడి దగ్గర మరుసటి ఏడు ఎవరూ విత్తనం కొనేవాళ్లు కారు.

మా నాయన తక్కెడను పక్కకు జరిపి, "పో, పెట్టుకోపో" అన్నాడు.

కోలారులో వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు ఇచ్చాను. వకీలును పెట్టుకోలేదు, నేనే మాట్లాడతానన్నాను. వాయిదాలు మొదలయ్యాయి. చక్రాన్ని పరీక్షకు ఒక ఇంజనీరింగు కాలేజీకి పంపారు. అక్కడివాళ్లు, రబ్బరు అతుకు సరిగా పడలేదు అని రాసి, నీళ్లు లేకుండా ఆడించినా అతుకు ఇట్లా వదలవచ్చు అని కూడా రాశారు. ఆ రెండో మాట పట్టుకుని అవతలి వకీలు నా మీదికి వచ్చాడు.

ఫోరంలో మాటలన్నీ కన్నడంలోనే. వకీలు అడిగాడు, ఆయుధపూజ నాడు మోటారును ఇంట్లో ఆడించారా లేదా? ఆడించాం అన్నాను. ఇంట్లో చెరువు ఉందా? లేదు, గంగాళం ఉంది అన్నాను. అందరూ నవ్వారు. వకీలు కూడా నవ్వి, అన్నం వండే పాత్రలో పడవ మోటారు అట, ఈమె ఎంత మంచి కథ అల్లిందో చూడండి అన్నాడు. వచ్చే వాయిదాకు ఆ కథను నెత్తిన పెట్టుకొని వస్తాను అని చెప్పి వచ్చేశాను.

ఈలోగా చెరువు తగ్గుతూ పోయింది. ప్రతి వాయిదాకూ పోతూ బస్సు కిటికీలోంచి చూసేదాన్ని. మునిగిన దారి బయటపడింది, మరవ ఎండింది, తుమ్మచెట్ల మొదళ్లు కనబడ్డాయి. న్యాయం నడిచే నడకకు నీళ్లు ఆగుతాయా అని లెక్క వేసుకునేదాన్ని. ఇంజను బాగయ్యేలోపు నీళ్లు పోతే మా ఆయనకు ఇక ఏమీ లేదు. ఆయన ఆ మాట పైకి అనలేదు. పడవలో కూర్చుని వలలు బాగుచేస్తున్నట్టు నటించేవాడు, మాకు వలలే లేవు.

తర్వాతి వాయిదా నాడు గంగాళాన్ని బస్సు మీదికి ఎక్కించాను. కండక్టరు గొణిగి, దానికీ టిక్కెట్టు కొట్టాడు. కోలారు బస్టాండులో ఆటో వెనక సీటంతా గంగాళమే పట్టింది, నేను డ్రైవరు పక్కన వేలాడుతూ పోయాను. మెట్లమీద మా ఆయనా నేనూ చెరో కడియం పట్టుకుని ఎక్కుతుంటే, పెళ్లి ఎవరిదమ్మా అని అడిగారు ఎవరో. లోపలికి తెచ్చి ఫోరం అధ్యక్షుడి బల్ల ముందు దింపాం. ఠంగుమని మోగింది.

ఆయన లేచి వచ్చి వంగి చూశాడు. ఈ గీతలు ఏమిటి అన్నాడు. మా ఆయన తెలివితక్కువతనం అన్నాను. మరి ఈ నల్లటి వలయం?

"నీళ్లు నిలిచిన మట్టం సార్" అని కన్నడంలోనే మొదలుపెట్టాను గానీ, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగిపోయాను. కోలారు జిల్లాలో తెలుగు అర్థం కానివాళ్లు ఎవరుంటారు? "ఈ మోటారు పొగతోపాటు నూనె కూడా నీళ్లల్లోకి ఒదులుతాది. ఆ నూనె నీళ్లమీద తేలి, అంచుకు పట్టుకొన్నాది. ఎండు గంగాళంలో ఇట్ల గుండ్రంగా, ఒకే మట్టానికి మరక యాడనుంచి వస్తాది సార్? ఇది మేము గీసిందంటారా, ఈ వకీలు సార్‌ను తుడిచి చూడమనండి. మా అమ్మ తుడవలేక చస్తా ఉండాది."

అధ్యక్షుడు వేలితో వలయాన్ని రాసి, వేలు వాసన చూశాడు. వకీలు మాత్రం ముందుకు రాలేదు.

అయినా ఆ వకీలు ఒప్పుకోలేదు. కార్డు తీసి చదివాడు. లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వడం తప్ప మరే నష్టానికీ కంపెనీ పూచీ లేదని చిన్న అక్షరాల్లో ఉంది. దీనికేమంటారు అని అధ్యక్షుడు నన్ను అడిగాడు. నాకు చట్టం తెలియదు. మా నాయన అంగట్లో విత్తనం సంగతి చెప్పాను. మొలకెత్తని విత్తనానికి దోసెడు విత్తనం ఇచ్చి పొమ్మంటే రైతు ఒప్పుకుంటాడా అన్నాను. ఇంజను కాలకుండా ఉండాలనే కదా ఆ చక్రాన్ని కొనేది, అందుకోసమే అమ్మి, ఇంజను కాలితే మాకేమీ సంబంధం లేదంటే, వాళ్లు అమ్మింది దేన్ని అని అడిగాను. వెనక బెంచీలో మా నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన వచ్చిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఎర్రబడిన కళ్లతో నన్నే చూస్తున్నాడు.

తీర్పు మాకే వచ్చింది. చక్రం మార్చడం వేరు, ఆ చక్రం లోపంవల్ల ఇంజనుకు జరిగిన నష్టం వేరు, కార్డులో చిన్న అక్షరాలు రాసుకున్నంత మాత్రాన అమ్మినవాళ్లు రెండోదాన్నుంచి తప్పించుకోలేరు అన్నది అందులో సారం. అమ్మినవాడూ, తయారుచేసినవాళ్లూ కలిసి ఇంజనును మళ్లీ ఆడేట్టు చేసి ఇంటికి తెచ్చి ఇవ్వాలి.

వాళ్లు తెచ్చి ఇచ్చేసరికి రెండో వేసవి వచ్చింది. చెరువు నెర్రెలు విచ్చింది. పడవ కింద మేకలు పడుకుంటున్నాయి. మా వీధికి నీళ్లు ట్యాంకరులో వస్తున్నాయి, ఇంటికి ఇన్ని బిందెలని కొలిచి పోస్తున్నారు. యజమాని తన వ్యానులో మోటారును దింపించి, ముఖానికి చెమట తుడుచుకుని, మళ్లీ ఆ మాటకారి నవ్వు నవ్వాడు.

"గెలిచినారు, మంచిదమ్మా. ఇంగ దీన్ని ఏమి చేసుకొంటారు? చెరువులో చుక్క ల్యాదు. నాకే ఇచ్చేయండి, మంచి ధర చూపిస్తాను."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆయన సరే అంటాడని నాకు భయం వేసింది. ఆ క్షణం నాకు ఎంత కోపం వచ్చిందంటే, వానమీదా, చెరువుమీదా, అందరిమీదా వచ్చింది.

"ఆడేది చూడకుండా తీసుకొంటామా? ఉండండి, ఆడించి చూపించి పోండి" అన్నాను.

"నీళ్లు యాడివమ్మా?"

నేను లోపలికి పోయి గంగాళాన్ని దొర్లించుకుంటూ వచ్చాను. మా ఇంట్లో ఉన్న రెండు బిందెలూ అందులో పోశాను. అడుగు మాత్రమే తడిసింది. అప్పుడు ఎదురింటి ఆమె తన బిందె తెచ్చి పోసింది. నేను అడగలేదు. తర్వాత పక్కింటివాళ్లు. తర్వాత, టమాటా గంపతో ఆ రోజు పడవలో నాతోపాటు ఉన్న ఆమె, సంతకు వచ్చినది, ఎవరింట్లోనో అడిగి ఒక బిందె తెచ్చింది. వీధిలో ఒక్కొక్కరే వచ్చి, తాగే నీళ్లు తెచ్చి పోశారు. అమ్మా, వద్దు అని నేను అనలేకపోయాను. మోటారు కాలు మునిగేంత అయ్యాయి.

మా ఆయన తాడు లాగాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి ఆడింది. వీధంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. అందరం వెనక ఉన్న చిన్న రంధ్రం వైపే చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా, నిటారుగా ధార వచ్చింది. మా ఆయన దాని కింద అరచెయ్యి పెట్టి, పిల్లవాడిలా నా వైపు తిరిగి, "వస్తా ఉండాదే!" అన్నాడు. ఈసారి గేరు వేయలేదు.

ధార ఆయన చేతిమీదనుంచి చింది యజమాని కొత్త చెప్పులు తడిపింది. తుడుచుకోవడానికి నేను గుడ్డ ఇవ్వలేదు. అమ్మేది లేదని అప్పుడే చెప్పేశాను.

మోటారు ఇప్పటికీ మా దగ్గరే ఉంది. చెరువు మళ్లీ మరవ పారలేదు, పారినప్పుడు చూసుకుంటాం. ఈలోగా గౌనిపల్లి నుంచో నంగలి నుంచో కాలిన పంపుసెట్టును గోనెసంచిలో వేసుకుని ఎవరో ఒకరు మా గుమ్మం దగ్గరికి వస్తారు, నేను వాళ్లతో ఫోరానికని కోలారు బస్సు ఎక్కుతాను. గంగాళంలో రెండో వలయం మోటారు తిరిగొచ్చిన ఆ రోజుది. మొదటిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. ఆ వేసవిలో మా వీధి దగ్గర ఉన్న నీళ్లు అంతే.